పులుపూ నలుపూ వెతుక్కుంటూ నావుసాకి

గ్రీకులో క్సినో అంటే పులుపు, మావ్రో అంటే నలుపు. రెండూ అతికించి ఒక ద్రాక్షకి పేరు పెట్టేశారు: క్సినోమావ్రో. పలకడానికి నాలిక తిరగదని చాలామంది గొణుగుతారు గానీ మనకి 'పులుపు నలుపు' అని ప్రాస కూడా కుదిరింది. ఫ్రాంక్‌ఫర్టులో మా వీధి చివర గ్రీకు హోటలాయన మొదటిసారి ఈ వైను పోసి పేరుకి అర్థం చెప్పినప్పుడు, గ్లాసుని దీపానికి ఎదురుగా పట్టి చూశాను. అటువైపు నా వేళ్ళు కనిపిస్తున్నాయి. "ఇందులో నలుపేదండీ?" అన్నాను. "నావుసాలో ఉంది, వెళ్ళి చూడండి" అన్నాడు. నావుసా ఉత్తర గ్రీసులో ఈ ద్రాక్ష పండే కొండ ఊరు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళ తరవాత అక్టోబరు రెండో వారంలో బయల్దేరాం.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా ఆయన, ఆ నెలలో మా దగ్గరికి వచ్చి ఉన్న మా బాబాయి. మా ఆయన తాగడు కాబట్టి స్టీరింగు ఆయనకే. ఇది చిన్న విషయం కాదు. గ్రీసులో బండి నడిపేవాళ్ళ రక్తంలో లీటరుకి అర గ్రాము ఆల్కహాలు దాటితే జరిమానా. వైనరీలేమో ఊరి బయట, బస్సు వెళ్ళని దారుల్లో ఉంటాయి. అందరూ రుచి చూసే జట్టయితే నావుసాలో టాక్సీ మాట్లాడుకోవడమే మంచిది. ఇక బాబాయి ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాడు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళు దండిగా ఉన్న రోజుల్లో ఆ తోటలన్నీ తిరిగినవాడు. వైను ముట్టడు, ద్రాక్షపండు కనిపిస్తే వదలడు.

ఉత్తర గ్రీసులో పెద్ద నగరం థెసలొనీకి. అక్కడ దిగి రెండు రాత్రులు ఉన్నాం. నావుసా కోసమే వెళ్ళేవాళ్ళకి ఒక రాత్రి చాలు. పొద్దున్నే కారు తీసుకోవచ్చు కదా అని రైల్వే స్టేషను దగ్గర హోటలు తీసుకోవడం నా తెలివితక్కువతనం. రాత్రి రెండింటికి చెత్త బండి, నాలుగింటికి సరుకుల లారీలు. లిఫ్టులో మనిషి పడితే పెట్టె పట్టదు, పెట్టె పడితే మనిషి పట్టడు. రెండో రోజు అడగ్గానే వెనకవైపు గది ఇచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. గదికి 65 యూరోలు. ఇంకో 20 వేసుకుని అరిస్టొటేలూస్ చౌకు దగ్గర ఉండి ఉంటే సముద్రపు ఒడ్డుకి నడిచి వెళ్ళేవాళ్ళం. పైన ఆనో పోలీ అనే పాత పేట అందంగా ఉంటుంది, అక్కడ గదులూ దొరుకుతాయి, కానీ ఆ ఎత్తులు మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి వద్దు.

మెట్రో మాత్రం ముచ్చటేసింది. 2024 నవంబరు చివర్లో మొదలైంది, రైలుకి డ్రైవరు ఉండడు. తవ్వకాల్లో బయటపడ్డ బైజాంటిన్ కాలపు రాళ్ళ వీధిని వెనిజేలూ స్టేషనులోనే ఉంచి చూపిస్తున్నారు. బాబాయి అక్కడ అరగంట నిలబడిపోయాడు. అయితే ఇది ఎయిర్‌పోర్టు దాకా లేదు. దానికి బస్సో టాక్సీయో చూసుకోవలసిందే.

శాకాహారులకి ఒక మాట. గ్రీసులో 'వెజిటేరియన్' అంటే కొందరు చేపలూ పెడతారు, కోడి రసంలో ఉడికించినవీ పెడతారు. దానికన్నా 'నిస్తీసిమో' అని అడగండి. వాళ్ళ చర్చి ఉపవాసాల తిండి అన్నమాట. మాంసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. పీతలూ రొయ్యలూ మాత్రం అందులో చెల్లుతాయి కాబట్టి అవి కూడా వద్దని చెప్పుకోవాలి. మేం నాలుగు రోజులు బతికింది పెద్ద చిక్కుడు గింజల్ని టమాటాలో కాల్చిన గిగాంతెస్, బియ్యం కూరిన బెంగుళూరు మిరపకాయలు, వంకాయని నిప్పుల మీద కాల్చి చేసే మెలిజానోసలాతా మీద. ఆ చివరిదాన్ని బాబాయి "పోపు మర్చిపోయిన వంకాయ పచ్చడి" అన్నాడు. బల్ల మీద ఎర్రగా ఎండుమిరప నలగ్గొట్టినది కావాలంటే 'బూకొవో' అనండి. ఉత్తర గ్రీసులో అడిగిన ప్రతిచోటా ఇచ్చారు. చేసిన ఉపకారాల్లో ఇదే గొప్పదని బాబాయి అభిప్రాయం.

హోటళ్ళలో ఇంటి వైను కిలో లెక్కన అడుగుతారు. అర కిలో అంటే రేకు జగ్గులో అర లీటరు పోసి తెస్తారు. బాబాయికి ఇది ఎంత నచ్చిందంటే, ముట్టకపోయినా ప్రతి పూటా నా బదులు తనే "మిసో కిలో" అని ఆర్డరిచ్చేవాడు.

కారు అద్దె సంస్థ పేరు రాయను. బుక్ చేసిన చిన్న కారు లేదన్నారు, పెద్దది ఇస్తామన్నారు, ఆ వంకతో అదనపు బీమా అంటగట్టబోయారు. వద్దన్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు వెనక తలుపు మీద గీత ఒకటి చూపించారు. మా ఆయన తీసుకున్న రోజే కారు చుట్టూ తిరిగి వీడియో తీసిపెట్టాడు. ఫోను తీసి చూపించాక ఆ గీత సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మీరూ తీసుకోండి, రెండు నిమిషాల పని.

థెసలొనీకి నుంచి నావుసా తొంభై కిలోమీటర్ల పైచిలుకు. ఎగ్నాతియా రహదారి మీద సాఫీగా సాగుతుంది, టోలుకి చిల్లర దగ్గర పెట్టుకోండి. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఊరి పడమటి వైపున్న మకెదోనియా బస్టాండు నుంచి సర్వీసులున్నాయి. రైలు జోలికి పోవద్దు, నావుసా స్టేషను ఊరికి దూరంగా కింద మైదానంలో ఉంది. దారి పొడుగునా పీచ్ తోటలు. ఈ ఇమాథియా జిల్లా పీచ్‌పళ్ళకి పెట్టింది పేరు. మేం వెళ్ళేసరికి పళ్ళు ఎప్పుడో అయిపోయి ఆకులు పండుతున్నాయి.

మధ్యలో వేరియాలో ఆగాం. అపొస్తలుడు పౌలు బోధ చేశాడని చెప్పే మెట్లు, ఏటి ఒడ్డున బార్బూతా అనే పాత యూదుల పేట, పాకంలో నానిన రవ్వ కేకు రెవనీ. ఈ మూడూ చూసుకోవడానికి, తినడానికి పూట చాలు. బస ఎక్కడ అన్న ప్రశ్నకి చాలామంది వేరియా అంటారు. హోటళ్ళు ఎక్కువ, రాజసమాధులున్న వెర్గీనా దగ్గర, సాయంత్రాలు సందడి. నిజమే. కానీ ద్రాక్ష కోసం వచ్చినవాళ్ళు నావుసాలోనే ఉండండి. పొద్దున్న లేచి కిటికీ తీస్తే వెర్మియో కొండ, తోట పది నిమిషాల దూరం.

నావుసాలో ఒక పాత ఇంటిని గదులుగా మార్చిన చోట దిగాం. గది 60 యూరోలు, పొద్దుటి ఫలహారంతో. మొదటి రాత్రి వణికాం. అక్టోబరులో ఇంకా హీటింగు వెయ్యలేదట. ఇంటావిడ రెండేసి కంబళ్ళు తెచ్చి, "కొండ ఊరు కదమ్మా" అన్నట్టు నవ్వి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. పొద్దున్న చిన్న పళ్ళెంలో పాకంలో ఉడికించిన పచ్చి అక్రోటుకాయా, చల్లటి నీళ్ళూ పెట్టేసరికి పోయింది. పళ్ళని ఇలా పాకం పట్టి చెంచాతో పెట్టడం వాళ్ళ మర్యాద. మధ్యాహ్నం రెండు దాటితే కొట్లు మూతపడతాయి, రాత్రి భోజనం తొమ్మిది తరవాతే. బాబాయికి ఏడింటికి అన్నం తినే అలవాటు. రోజూ ఆ రెండు గంటలు రొట్టె, జున్ను ముక్కలతో నెట్టుకొచ్చాం.

ఊరు చిన్నది. మధ్యలోంచి అరాపిత్సా నది జారుతుంది, దాని నీటిబలం మీదే 19వ శతాబ్దంలో నూలు మిల్లులు వెలిశాయి. వాటిలో కొన్ని ఇప్పుడు కిటికీలు పగిలిన ఎర్ర గోడలు. 1822లో ఒట్టొమాను సైన్యం ఊరిని నాశనం చేసినప్పుడు పట్టుబడటం ఇష్టం లేని ఆడవాళ్ళు పిల్లలతో సహా ఈ నదిలోకే దూకారు. స్తూబానీ అనే ఆ చోట స్మారక శిల్పం ఉంది. మేం వెళ్ళినప్పుడు నీళ్ళ చప్పుడు తప్ప ఎవరూ లేరు.

ఇక అసలు పని.

నావుసా వైను అంటే చట్టం ప్రకారం నూటికి నూరు పాళ్ళూ క్సినోమావ్రో. ఇంకే ద్రాక్షా కలపకూడదు. కనీసం పన్నెండు నెలలు ఓకు పీపాలో ఉంచాకే ఆ పేరుతో అమ్మాలి. 1971లోనే ఈ ఊరి పేరుకి రక్షణ దొరికింది. బుతారీ కుటుంబం 1879లో ఇక్కడే వ్యాపారం మొదలుపెట్టింది. ఆ వంశంలోని యానిస్ బుతారిస్ ఊరి పైన యానాకోహోరిలో కొత్తగా తోటలు వేయించి, తరవాత 1997లో కిర్ యాన్ని అనే సొంత వైనరీ పెట్టుకున్నాడు. తోట మధ్యలో పాత కావలి బురుజు ఉంది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఈయనే 2011 నుంచి 2019 దాకా థెసలొనీకి మేయరు. 2024 నవంబరులో పోయాడు. ఊళ్ళో ఇప్పటికీ ఆయన గురించి మనవాడు అన్నట్టు మాట్లాడతారు.

మొదటి రోజు ఆదివారం. దారి పక్కన గోధుమరంగు వైన్ రోడ్డు బోర్డు చూసి ఓ మోస్తరు పెద్ద వైనరీకి ఊరికే వెళ్ళిపోయాం. గేటు వేసి ఉంది. బెల్లు కొడితే ఒకమ్మాయి వచ్చి ముందు బుక్ చేసుకోవాలని మర్యాదగానే చెప్పి పంపేసింది. తప్పు మాదే. కోతల కాలంలో వాళ్ళకి పనిలో ఊపిరాడదు. రెండు రోజుల ముందు మెయిలు పెట్టుకోండి, ఆదివారం మీద ఆశ పెట్టుకోకండి.

మర్నాడు మాట్లాడుకుని వెళ్ళింది ఒక కుటుంబం నడిపే చిన్న వైనరీకి. మనిషికి 20 యూరోలు, ఐదు రకాలు, రొట్టె, ఆలివ్‌లు, నూనెలో కాల్చిన బాత్సోస్ అనే ఉప్పటి జున్ను. తాగని ఇద్దరికీ డబ్బు తీసుకోలేదు, బాబాయికి ద్రాక్షరసం పోశారు. యజమానురాలికి నలభై ఏళ్ళుంటాయి, చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉన్నాయి. ముందు తోటలోకే తీసుకెళ్ళింది.

నలుపు అక్కడ దొరికింది. గుత్తులు చిన్నవి, పళ్ళు దగ్గరదగ్గరగా అతుక్కుని, పైన బూడిద పూసినట్టు పొర. వేలితో తుడిస్తే నేరేడుపండు రంగు. బాబాయి ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "పులుపు సరే, తీపీ బాగానే ఉందే" అన్నాడు. తరవాత గింజ కొరికి మొహం అదోలా పెట్టి, "అమ్మాయ్, ఇది వగరు" అన్నాడు. యజమానురాలు ఆయన మొహం చూసే అర్థం చేసుకుని "స్తిఫో!" అంది. నాలిక మీద గరుకుగా పట్టుకునే ఆ రుచికి గ్రీకులో కూడా చక్కగా మాట ఉంది. వైను పుస్తకాలు దీన్ని టానిన్ అంటాయి. ఉగాది పచ్చడిలో దాన్ని ఆరింట ఒకటిగా లెక్కపెట్టుకునే మనకి ఆ మాటతో పని లేదు. మరి ఇంత వగరున్న ద్రాక్షకి పేరులో పులుపూ నలుపూ పెట్టి వగరు ఎందుకు వదిలేశారని అడిగాను. "మూడోది కూడా పెడితే లేబులు పట్టదు" అని నవ్వేసింది.

గ్లాసులో నలుపు ఎందుకు లేదో కూడా ఆవిడే చెప్పింది. తోలు నల్లగానే ఉంటుంది గానీ అందులోంచి వైనులోకి దిగే రంగు తక్కువ, దిగింది కూడా నిలవదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇటుక రంగుకి తిరుగుతుంది. వగరు మాత్రం ఎక్కడికీ పోదు. ఇటలీలో నెబ్బియోలో అనే ద్రాక్షదీ ఇదే గుణమట, రెంటినీ పోల్చడం వైనువాళ్ళకి అలవాటు. అంటే ఈ పేరు పెట్టింది గ్లాసు పట్టుకున్నవాళ్ళు కాదు, తోటలో గుత్తి కోసి తిన్నవాళ్ళు. మన మామిడిపళ్ళకీ అంతేగా. బంగినపల్లి ఊరి పేరు, కొబ్బరి మామిడి రుచి పేరు. దక్షిణాన నెమెయా వైపు పండే అయోర్గీటికో అనే ఇంకో ఎర్ర వైను ద్రాక్ష బంగినపల్లి దారిలో వెళ్ళింది. నెమెయా పట్నానికి పూర్వం సెయింట్ జార్జి పేరు, ఆ సాధువు పేరే ద్రాక్షకీ దక్కింది. నావుసాలో కూడా పూర్వం క్సినోమావ్రోని 'నావుసా నలుపు' అనేవారట. చివరికి రుచి గెలిచింది.

కొనేటప్పుడు ఒక తికమక. ఈ పేరు గ్రీకులో రెండు రకాలుగా రాస్తారు. వాళ్ళ అక్షరాల్లో 'ఇ' పలికేవి అరడజను దాకా ఉన్నాయి మరి. ఇంగ్లీషు లేబుళ్ళ మీద కూడా ఒకచోట ఐ, ఇంకోచోట వై. రెండూ ఒకటే ద్రాక్ష. ఒత్తు 'నో' మీద పెట్టి పలకండి, కొట్టువాడు మీ వైపు వేరేగా చూస్తాడు.

బాబాయీ ఆవిడా మధ్యలో నన్ను దుబాసీగా నిలబెట్టి వేళ్ళ గురించి అరగంట మాట్లాడుకున్నారు. ఫిల్లోక్సెరా అనే పేను తీగల వేళ్ళు తినేశాక యూరప్ అంతా అమెరికా జాతుల వేళ్ళ మీద అంటు కట్టడం మొదలుపెట్టింది, ఇక్కడా అంతే. "మనం డాగ్‌రిడ్జ్ అనే జాతి వేళ్ళ మీద కడతాం, అయితే పేను కోసం కాదు, నీళ్ళెద్దడికీ ఉప్పుకీ తట్టుకుంటుందని చెప్పు" అన్నాడు. చెప్పాను. పందిరి లేకుండా వరసల్లో ఇనప తీగలకి కట్టడం, ఎకరానికి ఇంత తక్కువ కాపు తీయడం ఆయనకి మింగుడుపడలేదు. ఎక్కువ కాయిస్తే ఈ ద్రాక్ష పండదు, నీళ్ళలా అయిపోతుంది, ఆలస్యంగా కూడా పండుతుంది కాబట్టి అక్టోబరు వానలొస్తే కుళ్ళు పడుతుందని ఆవిడ చెప్పింది. కోతకి ముందు గింజలు గోధుమరంగు తిరిగాయా అని కొరికి చూస్తారట. "అందుకే నేను కొరికాను" అన్నాడు బాబాయి. అబద్ధమే.

తాగిన ఐదింటి గురించి క్లుప్తంగా. కుర్ర వైను నోరు మూసేస్తుంది, పచ్చి రేగుపళ్ళు తిన్నట్టు. ఆరేళ్ళది బాగుంది. అన్నిటికన్నా పాతది నాకు గుర్తుండిపోయింది. అందరూ చెప్పే టమాటా, ఆలివ్ వాసనలు నిజంగానే వచ్చాయి. అయితే మామూలు టమాటా కాదు, మేడ మీద ఎండిన టమాటా ఒరుగుల డబ్బా మూత తీసినప్పటి వాసన. మా ఆయనకి చూపించాను. వాసన వరకే చూసి, "మీ అమ్మమ్మ వాళ్ళ అటక" అన్నాడు. విడిగా తాగితే ఇది కష్టమైన వైను. ఆ ఉప్పటి జున్నుతో కలిసిన మరుక్షణం పులుపు సర్దుకుంటుంది. ఆవిడ ఊరికే పెట్టలేదు దాన్ని.

మూడో రోజు వైను నుంచి సెలవు. పొద్దున్న మియెజా. మాసిడోనియా రాజు ఫిలిప్ తన కొడుకు అలెగ్జాండరుకి చదువు చెప్పడానికి క్రీ.పూ. 343 ప్రాంతంలో అరిస్టాటిల్‌ని పిలిపించి ఇక్కడ బడి పెట్టించాడు. నావుసా నుంచి కారులో కొద్ది నిమిషాలు. కొండరాతిని నిలువుగా చెక్కిన గోడ, అందులో దూలాలు దూర్చిన గుంతలు, పక్కన గుహలు, కింద ఊటనీళ్ళు. అంతే. చూడటానికి ఏముందని కొందరు నిట్టూరుస్తారు. అరిస్టాటిల్ కూర్చున్న రాతి అరుగులూ, నీడబాటలూ తన కాలంలోనూ చూపించేవారని ప్రాచీన రచయిత ప్లూటార్కు రాశాడు. అంటే రెండు వేల ఏళ్ళ కింద కూడా ఇది టూరిస్టు చోటే. నీడ ఇంకా ఉంది. నాకు ఈ యాత్రలో ఎక్కువసేపు కూర్చోవాలనిపించింది ఇక్కడే.

మధ్యాహ్నం వెర్గీనా, వేరియా నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. 1977లో మనోలిస్ ఆంద్రోనికోస్ ఇక్కడి మట్టిదిబ్బ కింద దోపిడీకి గురికాని రాజసమాధి తవ్వి తీశాడు. అది ఫిలిప్‌దేనని ఎక్కువమంది పండితుల మాట. ఇప్పుడు ఆ దిబ్బ లోపలే మ్యూజియం. చీకట్లో దీపాల వెలుగులో పదహారు కిరణాల నక్షత్రం ఉన్న బంగారు పెట్టె, బంగారు ఓకు ఆకుల కిరీటం. దీనికి ఎంత టికెట్టు పెట్టినా ఇవ్వచ్చు. వేరే చోట కొత్తగా కట్టిన పెద్ద మ్యూజియం భవనం కూడా అదే టికెట్టు మీద చూడమన్నారు. కాళ్ళు సహకరించలేదు, పైపైన చూసి వచ్చాం. సమాధుల మ్యూజియం ముందు, ఓపికుంటే రెండోది, ఇదీ నా లెక్క.

అక్కడి వెండి పాత్రలన్నీ తాగుడు సామానే. గిన్నెలు, జల్లెళ్ళు, గరిటెలు. పూర్వం గ్రీకులు వైనులో నీళ్ళు కలుపుకునే తాగేవారు. నీళ్ళు కలపకుండా తాగడం మొరటు పని, మాసిడోనియా వాళ్ళకి ఆ చెడ్డపేరు ఉండేది. వైనుకి ఇప్పటి గ్రీకు మాట 'క్రాసీ' కూడా కలపడం అన్న అర్థంలోంచే వచ్చింది. కల్లులో నీళ్ళు కలిపితే తగువులయ్యే ఊరి నుంచి వచ్చిన మా బాబాయికి ఇది విని నోట మాట రాలేదు. వాళ్ళ ప్రాచీన భాషలో వైనుకి 'మెథు' అనే మాట కూడా ఉంది. మన మధువూ అదీ ఒకే తల్లి పిల్లలు. మత్తు రానివ్వదని నమ్మిన ఊదారాయికి అమెథిస్ట్ అని పేరొచ్చింది కూడా అందులోంచే.

నాలుగో రోజు కొండ దాటి అమీండెయోకి. దారిలో ఎదెస్సా జలపాతం దగ్గర టీకి ఆగాం, బాగుంది, జనం ఎక్కువ. అమీండెయో మైదానం సముద్రానికి ఆరు వందల మీటర్ల ఎత్తున, సరస్సుల మధ్య ఉంటుంది. గ్రీసులో బాగా చలి చోట్లలో ఒకటి. అదే ద్రాక్ష, వేరే మనిషి. ఇసక నేలల్లో పండి వగరు తగ్గుతుంది, పులుపు చురుగ్గా ఉంటుంది. అందుకే ఇక్కడ 'రోజే' అనే గులాబీరంగు వైనూ, బుడగల వైనూ కూడా చేస్తారు. ఎర్ర వైనుకి భయపడేవాళ్ళు క్సినోమావ్రోని ఇక్కడ మొదలుపెట్టడం మేలు. నావుసాలో మొదలుపెట్టి ఇక్కడికి వస్తే నాలాగ కొంచెం పలచగా అనిపించొచ్చు.

పక్కనే ఒక ఊరు పేరు చదివి మా ఆయన కారు ఆపేశాడు. క్సినో నెరో. నెరో అంటే నీళ్ళు. పుల్లనీళ్ళు! ఊటలోనే గ్యాసు కలిసి వచ్చే నీళ్ళవి, సీసాల్లో అమ్ముతారు. కొట్లో ఒకటి కొని ముగ్గురం తాగాం. సోడాలా ముక్కులోకి ఎక్కింది. నాలుగు రోజుల్లో బాబాయి తాగిన 'క్సినో' ఇదొక్కటే.

అక్కడి నుంచి నింఫేయో ఎక్కాం. రాతి ఇళ్ళ ఊరు, ఫొటోలకి బాగుంటుంది, కాఫీ మాత్రం కింద ఊళ్ళకి రెట్టింపు ధర. వెళ్ళింది ఎలుగుబంట్ల కోసం. వీధుల్లో ఆడించే ఎలుగుల్ని విడిపించి ఇక్కడి అడవిలో కంచె వేసి పెంచుతున్నారు. ఆ ఆర్క్‌టురోస్ సంస్థని 1992లో పెట్టింది ఎవరనుకున్నారు, పైన చెప్పిన యానిస్ బుతారిసే. మన ఊళ్ళలో కూడా ఒకప్పుడు ముక్కుతాడు వేసి తిప్పేవారు కదా. కంచె అవతల చెట్టు కింద ఒక ముసలి ఎలుగు పడుకుని ఉంది. గైడు కథ చెబుతున్నంతసేపూ అది తల ఎత్తలేదు. పిల్లలున్న కుటుంబాలు ఈ రోజుని తప్పించుకోకండి. పిల్లలు లేనివాళ్ళు చలికోటు మర్చిపోకండి.

ఖర్చు సంగతి. కారు, పెట్రోలు, బసలు, తిండి, రుచులు, టికెట్లు కలిపి ముగ్గురికీ ఆరు రోజులకి విమానం కాక తొమ్మిది వందల యూరోల చిల్లర అయింది. మళ్ళీ వెళ్తే థెసలొనీకిలో ఒక రాత్రి, నావుసాలో మూడు, అమీండెయో దగ్గర సరస్సు ఒడ్డున ఒకటి వేసుకుంటాను. నెల మాత్రం మార్చను. కోతల వాసన ఊరంతా ఉంటుంది, సారా బట్టీలు కూడా అప్పుడే వెలుగుతాయి.

ఆరు సీసాలు తెచ్చాం, బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాం. ఒకటీ పగల్లేదు. నాలుగు అటక మీద ఉన్నాయి. ఒకటి గుత్తొంకాయతో తీశాను, నువ్వులూ వేరుశనగా ఆ వగరుని బాగానే పట్టుకున్నాయి. ఇంకోటి బాబాయి వెళ్ళే ముందు రోజు గోంగూర పచ్చడి చేసినప్పుడు తీశాను. అది మీరు చెయ్యకండి. రెండు పులుపులూ నోట్లో జుట్టు పట్టుకున్నాయి. "గోంగూరే గెలిచింది" అన్నాడు బాబాయి, తాగకుండానే.